తీరిక వేళ : పెద్దాయన చేతికి చాలని మీటలు

ఈ శీర్షికను క్రమం తప్పక చదివే సోదర సోదరీమణులకు ముందుగా ఒక మనవి. మేము ఇచ్చిన సలహా ఒకటి తప్పని తేలింది. దానివల్ల ఒక ఇంటివారికి ధనవ్యయం, అంతకంటె ముఖ్యంగా కాలవ్యయం కలిగాయి. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పి, అదే దారిలో వెళ్లబోయేవారిని ఆపడమే ఈసారి మా పని.

దసరా సెలవుల ముందు మన కర్మాగారంలో శిక్షణ పొందుతున్న ఒక యువకుడు మా వద్దకు వచ్చి, "ఇంట్లో కంప్యూటరు మీద పాటలు కూర్చుకోవాలని ఉందండి. పది వేల రూపాయలకు మించకుండా మిడి కీబోర్డు ఏది కొనమంటారు?" అని అడిగాడు. బల్ల ఎంత పొడవుంటుందని మేమడిగాము. చిన్నదేనన్నాడు. అంతటితో ఆగిపోయాము. ఏ సంగీతం కోసం, ఎవరు వాయిస్తారు అన్న రెండు ప్రశ్నలు మాకు తోచలేదు. చిన్న మీటలు 25, వాటి పక్కన తట్టి వాయించే ప్యాడ్లు, తిప్పే బొత్తాములు గల ముచ్చటైన కీబోర్డు ఒకటి సూచించాము. కొన్నాడు. దీపావళికి వాళ్లింటికి వెళ్లినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు.

అతని తండ్రిగారు కోక్ ఒవెన్లలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా వారు. టౌన్‌షిప్పులో మన తెలుగువారు పద్యనాటకం వేసిన రోజుల్లో హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నది ఆయనే. వచ్చే మార్చి నెలాఖరుకు పదవీ విరమణ. ఆ తరువాత క్వార్టరు ఖాళీ చేసి సొంత ఊరికి వెళ్లిపోతారు. కొడుకు ఉద్యోగం ఇక్కడే. తండ్రి చేతిలోని వరుసలన్నీ, ఏ పద్యానికి ఏ రాగం ఎలా అందించేవారో అదంతా, వెళ్లేలోపు భద్రపరచాలని ఆ అబ్బాయి సంకల్పం. ఈ మాట మాతో ముందే అనలేదు, మేమూ అడగలేదు.

మా ఎదుటే పెద్దాయన ఆ కొత్త కీబోర్డు ముందు కూర్చున్నారు. పద్యం ఎత్తుకున్నారు. కుడిచేయి తారస్థాయికి ఎక్కుతుండగా మీటలు అయిపోయాయి. వేళ్లు ప్లాస్టిక్ అంచు మీద పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి మాకు టీ తెచ్చారు.

హార్మోనియాన్నే రికార్డు చేయవచ్చు గదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఆ ప్రయత్నమూ జరిగింది. పాత పెట్టె తిత్తి గాలి వదిలేస్తోంది. ఫ్యాను హోరు, పక్కింటి కుక్కరు ఈలలు సరేసరి. పైగా శబ్దాన్ని రికార్డు చేస్తే అది ఉన్నదున్నట్లుగా ఉండిపోతుంది. మిడి పద్ధతిలో నమోదు చేస్తే జారిన వేలును తరువాత సరిచేసుకోవచ్చు; వేగం తగ్గించి నేర్చుకోవచ్చు; తండ్రి శ్రుతిలో వాయించినదాన్ని కూతురి గొంతుకు తగిన శ్రుతికి మార్చుకోవచ్చు. ఆ ఇంట్లో పాడే ఆడపిల్ల ఉంది కనుక ఇది చిన్న విషయం కాదు.

మిడి అంటే ఏమిటో మిల్లుల్లో పనిచేసే సోదరులకు ఒక్క మాటలో చెప్పవచ్చు. రోలింగ్ మిల్లు పల్పిట్‌లో కూర్చున్న ఆపరేటరు మీట కదిపితే ఉక్కు కదులుతుంది. కాని ఆ మీట ఉక్కును తాకదు. అది ఆజ్ఞ మాత్రమే పంపుతుంది. మిడి కీబోర్డు కూడా అంతే. దానిలో శబ్దం లేదు, స్పీకరు లేదు. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న వార్తను తీగ వెంట కంప్యూటరుకు చేరవేస్తుంది. పలికేది కంప్యూటరులోని వాద్యం. ఒక్కొక్క మీటకు 0 నుంచి 127 లోపు ఒక సంఖ్య ఉంటుంది. పియానో మధ్యనుండే 'సి' మీట సంఖ్య 60. నొక్కిన బలాన్ని కూడా 127 లోపు అంకెతోనే చెబుతారు. కొని ఇంటికి తెచ్చి, కరెంటు పెట్టి, మీట నొక్కి "శబ్దం రావడం లేదు, చెడిపోయినది అంటగట్టారు" అని దుకాణదారుతో తగవు పెట్టుకున్నవారిని మేమెరుగుదుము. తగవులో న్యాయం దుకాణదారుదే.

ఈ ఏర్పాటు వయస్సు నలభై ఏళ్లు దాటింది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యాల ప్రదర్శనలో అమెరికా కంపెనీ సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి వాద్యాన్ని, జపాను కంపెనీ రోలాండ్ వారి వాద్యాన్ని తీగతో కలిపారు. ఒకదాని మీట నొక్కితే రెండవది పలికింది. పోటీ కంపెనీల యంత్రాలు ఒకే భాష మాట్లాడటం అప్పటికి విశేషమే. దానికి పూనుకున్న డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకు 2013లో గ్రామీ వారి సాంకేతిక పురస్కారం లభించింది. ఆనాటి అయిదు పిన్నుల తీగ స్థానంలో నేడు సాధారణంగా యు.ఎస్.బి. తీగ ఉంటుంది. 2020లో ఈ భాషకు రెండవ రూపం వచ్చింది గాని, మన అవసరాలకు మొదటి రూపమే చాలు. దాని పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే ఇవ్వనక్కరలేదు.

ఇక మా తప్పు సంగతి.

మీటల సంఖ్యను మేము బల్లతో కొలిచాము. కొలవవలసింది హార్మోనియంతో. మన భజన మందిరాల్లో, నాటక సమాజాల్లో వాడే హార్మోనియాలకు సాధారణంగా 37, 39 లేదా 42 మెట్లుంటాయి. అంటే మూడు స్థాయిలు లేదా మూడున్నర. దీనికొక కారణముంది. పెద్దాయన శ్రుతి ఒకటిన్నర, అనగా షడ్జం 'సి' పక్కనున్న నల్ల మీట. 25 మీటల కీబోర్డు 'సి'తో మొదలై 'సి'తోనే ముగుస్తుంది. అందులో ఆ నల్ల మీటలు రెండే. మొదటిదాన్ని షడ్జంగా పెట్టుకుంటే దాని కింద ఒకే ఒక్క మీట మిగులుతుంది, మంద్రస్థాయి పోయినట్లే. రెండవదాన్ని పెట్టుకుంటే మంద్రం దక్కుతుంది గాని, పైన నిషాదం దగ్గర కీబోర్డు అయిపోతుంది, తారషడ్జమే ఉండదు. తారషడ్జం లేని పద్యనాటకాన్ని ఊహించుకోండి!

స్థాయిని పైకి, కిందికి జరిపే బొత్తాములు ప్రతి చిన్న కీబోర్డులోనూ ఉంటాయి. "ఆ బొత్తాం ఉంది గదా" అనే మేమూ సమాధానపడ్డాము. కంప్యూటరు ముందు ఒంటరిగా కూర్చుని తాపీగా ముక్కలు ముక్కలుగా పాట కూర్చేవారికి ఆ బొత్తాం చాలు. రాగం తీస్తున్న మనిషి వెంట పరుగెత్తే చేతికి మధ్యలో ఆగి బొత్తాం నొక్కే తీరిక ఉండదు.

మీటల పరిమాణం రెండవ సంగతి. పెద్ద పియానో మీద ఒక స్థాయి వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. 'మినీ' అని రాసిన కీబోర్డుల్లో ఇది బాగా తక్కువ. పిల్లల వేళ్లకు ఫరవాలేదు. ఏళ్ల తరబడి ఒకే దూరానికి అలవాటుపడిన చేయి మాత్రం ప్రతి అంగలోనూ తప్పుతుంది. ఈ వయస్సులో ఆ చేతికి కొత్త దూరాలు నేర్పబోవడం అవివేకం. నిండు పరిమాణం గల 49 మీటలకు దాదాపు 68 సెంటీమీటర్ల పొడవు కావాలి. పక్కనుండే చక్రాలను కలుపుకుంటే ఇంకొంత. బల్ల చాలకపోతే చాప మీద కూర్చుని చిన్న పీట మీద పెట్టుకోవచ్చు. హార్మోనియం వాయించే వారికి అదే సుఖం. బల్ల గురించి బెంగపడ్డది మేమే, ఆయన కాదు.

కాబట్టి మా సవరించిన సలహా ఇది: ఇంట్లో ఎవరైనా హార్మోనియం వాయించేవారు, లేదా రెండు చేతులతో కీబోర్డు నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే నిండు పరిమాణం గల 49 మీటలకు తగ్గవద్దు. ప్యాడ్లు, తిప్పే బొత్తాములు, రంగు దీపాలు లేకపోయినా సరే. ఆ సొమ్మంతా మీటలకే పోనివ్వండి. ఎమ్-ఆడియో వారి కీస్టేషన్ 49, నెక్టార్ వారి ఇంపాక్ట్ జి.ఎక్స్. 49 ఈ కోవకు చెందినవి. చూడటానికి బోసిగా ఉంటాయి, పనికి నిండుగా ఉంటాయి. మరో దారిలో పోయేవారు, అంటే సినిమా పాటల వరుసకు తాళం జోడించి, డ్రమ్ములు వేళ్లతో తట్టి, శబ్దాలను అటూ ఇటూ మెలిపెట్టి ఆనందించే కుర్రవాళ్లు, అకాయ్ ఎమ్.పి.కె. మినీ, ఆర్టూరియా మినీల్యాబ్ వంటి 25 మీటల వాటితో సుఖపడతారు. వాటిని మేము తక్కువ చేయడం లేదు. అవి సంచిలో పడతాయి. హాస్టలుకు వెళ్లే పిల్లలకు అనువు. అయితే తిప్పే బొత్తాములు ఎనిమిది ఉన్నాయని మురిసిపోయి కొన్నవారిలో, మొదటి నెల దాటిన తరువాత రెండింటికి మించి తిప్పినవారు మాకు కనబడలేదు.

88 మీటల బరువైన వాటి జోలికి పది వేల బడ్జెటుతో పోలేము. ఆ విషయం అంతటితో వదిలేద్దాము.

మీటల తరువాత మేము పట్టుబట్టేది ఎడమవైపు ఉండే పిచ్ వీల్, అంటే స్వరాన్ని వంచే చక్రం. ఇది ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాల తరువాత, 1971లో గాని షరతులతో సడలించలేదు. దాని మీద వచ్చిన ముఖ్యమైన ఆక్షేపణ ఒక్కటే: మీట నొక్కితే స్వరం మేకు కొట్టినట్లు నిలిచిపోతుంది, ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారదు, ఊగదు. గమకం లేదు. తోడి రాగంలో గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టి వాయిస్తే అది తోడి కానే కాదని సంగీతం నేర్చుకుంటున్న ఏ పిల్లయినా చెబుతుంది. మిడి కీబోర్డులో ఆ లోపాన్ని కొంతవరకు తీర్చేది ఈ చక్రమే. మీటల బలానికి 128 మెట్లే ఉంటే, ఈ చక్రం కదలికకు 16,384 మెట్లుంటాయి. కనుక స్వరం మెట్లు మెట్లుగా కాక నున్నగా జారుతుంది. చెన్నైకి చెందిన కె. సత్యనారాయణన్ కీబోర్డు మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేయగలుగుతున్నారంటే, కుడిచేతితోపాటు ఎడమచేతికీ ఆయన ఇచ్చిన శిక్షణే కారణం.

చక్రంలో తేడాలున్నాయి. నిజంగా తిరిగే చక్రం, వదిలితే తనంతట తాను నడిమికి వచ్చేది, అన్నింటికంటె మేలు. కొన్ని చిన్న కీబోర్డుల్లో దాని బదులు బొటనవేలితో కదిపే చిన్న పుల్ల ఉంటుంది. మరికొన్నింటిలో వేలితో రాసే పట్టీ ఉంటుంది. పని జరగదని కాదు. మెల్లని కంపితానికి అవి చక్రంలా లొంగవు. చౌక రకాల్లో కేవలం రెండు బొత్తాములిచ్చి స్వరం వంచుకోమంటారు. గమకం కావాలనుకునేవారు వాటిని కొనవద్దు.

ఇక్కడ చాలామంది చిక్కుపడే చోటు ఒకటుంది. చక్రం తిప్పితే ఆ చానెల్‌లో పలుకుతున్న స్వరాలన్నీ ఒకేసారి వంగుతాయి. షడ్జం మీట అణచిపెట్టి శ్రుతి కోసం ఉంచుకుని, మరో వేలితో రాగం వాయిస్తూ చక్రం తిప్పితే శ్రుతి కూడా ఊగిపోతుంది. ఇంటిల్లిపాదీ చెవులు మూసుకుంటారు. శ్రుతిని ముందే వేరే ట్రాకులో, వేరే చానెల్‌లో నమోదు చేసుకోవాలి. మిడి తీగ ఒక్కదానిలోనే 16 చానెళ్లున్నాయి కనుక చోటుకు కొదవ లేదు. అలాగే చక్రం పూర్తిగా తిప్పితే స్వరం ఎంత దూరం వంగాలో వాద్యం అమరికలో ఉంటుంది. మామూలుగా అటూ ఇటూ రెండేసి స్వరస్థానాలు. పొడవైన జారుడు కావాలంటే దాన్ని పెంచుకోవాలి. పెంచినకొద్దీ చేతిలో నిదానం ఎక్కువ కావాలి.

పెద్దాయన గమకం జోలికి పోలేదు. తాను చేసిన నాటకం హార్మోనియానికి అది అక్కరలేదన్నారు. కాని మేము ఊహించని చోట ఆయనకు ఇబ్బంది వచ్చింది. హార్మోనియంలో మీటను గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే. హెచ్చుతగ్గులన్నీ ఎడమచేయి తిత్తిని ఎలా కదుపుతుందన్న దాని మీద ఉంటాయి. మిడి కీబోర్డులో దీనికి పూర్తిగా విరుద్ధం. నొక్కిన బలాన్నిబట్టి ధ్వని మారుతుంది. ఆయన వాయిస్తే ఒక స్వరం అరిచినట్లు, మరొకటి గొణిగినట్లు వచ్చింది. ఎడమచేయి మాత్రం పాపం, వెనకవైపు లేని తిత్తిని వెతుక్కుంటోంది.

ఉపాయం ఆ అబ్బాయే కనిపెట్టాడు. మీటల బలాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఒకే అంకెకు బిగించాడు. పిచ్ వీల్ పక్కనే మాడ్యులేషన్ చక్రం అని మరొకటి ఉంటుంది. అది వదిలినచోటే నిలుస్తుంది. దాన్ని ధ్వని హెచ్చుతగ్గులకు, అంటే మిడి లెక్కలో 11వ నంబరు ఆజ్ఞకు, ముడిపెట్టాడు. అంతే, ఎడమచేతికి తిత్తి దొరికింది. వాద్యాన్ని మనిషి చేతికి అనువుగా మలచడం అంటే ఇదే గాని, సంచికల్లో సలహాలివ్వడం కాదని మాకు ఆ రోజు కొంచెం సిగ్గు వేసింది.

డబ్బు విషయానికి వస్తే, కొనడానికి ముందు ఇంట్లో అలమర పైన ఒకసారి చూడండి. భిలాయి క్వార్టర్లలో పిల్లల కోసం ఎప్పుడో కొని, బట్టలో చుట్టి పైన పెట్టిన క్యాసియో, యమహా కీబోర్డులు చాలానే ఉన్నాయి. దుమ్ము తుడిచి వెనకవైపు చూడండి. చదరంగా ఉన్న రంధ్రం, దాని పక్క 'యు.ఎస్.బి. టు హోస్ట్' అన్న మాట ఉంటే మీ ఇంట్లో మిడి కీబోర్డు ఇప్పటికే ఉన్నట్లు. ప్రింటరుకు వాడే మామూలు తీగ చాలు. మన దేశంలో తబలా, తంబూరా ధ్వనులతో అమ్మిన యమహా పి.ఎస్.ఆర్. ఐ-500 వంటి వాటిలో ఈ సదుపాయం ఉంది. పాతకాలం వాటిలో గుండ్రని అయిదు పిన్నుల రంధ్రాలు 'ఇన్', 'అవుట్' అని కనిపిస్తే, యు.ఎస్.బి.కి మార్చే చిన్న తీగ విడిగా దొరుకుతుంది. దాన్ని తగిలించేటప్పుడు తీగ మీద 'ఇన్' అని రాసినది కీబోర్డు 'అవుట్'లోకి పోవాలి. సాధారణంగా అందరూ 'ఇన్'ను 'ఇన్'లోనే పెట్టి పని చేయలేదంటారు. ఈ రెండు రకాల రంధ్రాలూ లేని క్యాసియో ఎస్.ఎ. చిన్న కీబోర్డులు, యమహా పి.ఎస్.ఆర్. ఇ-273 వంటివి మాత్రం ఈ పనికి రావు. అవి పిల్లల అభ్యాసానికే.

వాడినవి కొనడంలో తప్పు లేదు. ఉద్యోగులు బదిలీ అయినప్పుడు, పిల్లలు చదువులకు వెళ్లినప్పుడు సగం ధరకే ఇచ్చేవారున్నారు. అయితే ల్యాప్‌టాప్ వెంట తీసుకుని వెళ్లండి. ప్రతి మీటనూ ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కి తెర మీద అంకె మారుతోందో లేదో చూడండి. ఎంత మెల్లగా నొక్కినా 127 చూపించే మీట లోపల దెబ్బతిన్నదని అర్థం. పిచ్ వీల్‌ను వదిలేసి ఒక నిమిషం ఊరకే ఉండండి. ఎవరూ ముట్టకుండానే విలువ కదులుతుంటే ఆ కీబోర్డు మీద వాయించిన ప్రతి పాటా అపశ్రుతి. యు.ఎస్.బి. తీగ గుచ్చి కొంచెం కదిపి చూడండి. వదులుగా ఉంటే సంబంధం తెగిపోతుంది. మన ఊరి దుమ్ము మీటల సందుల్లో చేరడం సహజం. మెత్తని బ్రష్షుతో పోతుంది. అది చూసి బేరం తగ్గించవచ్చు గాని, వదులుకోనక్కరలేదు. కొత్త కీబోర్డులతో పాటు ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేరు మొదట నమోదు చేసుకున్నవారికే చెందుతుంది. సెకండ్ హ్యాండ్‌లో అది వస్తుందని లెక్క వేసుకోవద్దు.

సాఫ్ట్‌వేరుకు కూడా భారీ ఖర్చు అవసరం లేదు. ఎల్.ఎమ్.ఎమ్.ఎస్. పూర్తిగా ఉచితం. యాపిల్ కంప్యూటరున్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. రీపర్ 60 రోజులు రుసుము లేకుండా వాడి చూడవచ్చు. వ్యక్తిగత లైసెన్సు ధర 60 డాలర్లు. దొంగ కాపీలు తెచ్చుకుని వాటితోపాటు వైరస్‌లను ఇంటికి పిలుచుకున్నవారి కథలు ఈ పేజీలోనే ఒకసారి రాశాము. మళ్లీ రాయము.

ఇల్లాలి మాటగా ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న: "సినిమా వాళ్లు వాడేది కొంటే ఒకేసారి పోతుంది గదా?" ఎ.ఆర్. రెహమాన్ 1992లో 'రోజా'కు ముందు మన రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినవారే. మణిశర్మ కూడా సంగీత దర్శకుడు కాకముందు కీబోర్డు కళాకారుడే. అది వారి వృత్తి; పరికరం ఖరీదు పనిలో తిరిగి వస్తుంది. మనది తీరిక వేళ. నెల జీతంలోంచి పక్కన పెట్టిన పది వేలలో హెడ్‌ఫోన్లకు కూడా కొంత మిగలాలి. ఆ హెడ్‌ఫోన్లు తీగ ఉన్నవే అయి ఉండాలి. బ్లూటూత్‌తో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. నొక్కినదానికీ, విన్నదానికీ పొంతన ఉండదు.

ఆలస్యం మాట వచ్చింది కనుక దాన్నీ ముగిద్దాము. "కీబోర్డు మంచిది కాదు, నొక్కిన కాసేపటికి పలుకుతోంది" అనే ఫిర్యాదుకు తొమ్మిదింట ఎనిమిది పాళ్లు కీబోర్డు కారణం కాదు, కంప్యూటరు అమరికే కారణం. సాఫ్ట్‌వేరులో బఫర్ అన్న చోట 1024 అని ఉంటే, సాధారణ రికార్డింగు వేగంలో ఆ ఒక్క మెట్టులోనే సుమారు 23 మిల్లీసెకండ్లు పోతాయి. శబ్దం గాలిలో అంతసేపట్లో 8 మీటర్లు వెళుతుంది. అంటే మీ వాద్యం గదిలో కాక వీధి గుమ్మం అవతల మోగుతున్నట్లు. దాన్ని 256కు తగ్గిస్తే ఆలస్యం ఆరు మిల్లీసెకండ్ల లోపుకు వస్తుంది. వాద్యం రెండు మీటర్ల దూరంలోకి వచ్చి కూర్చుంటుంది. చెవి దాన్ని సహిస్తుంది. మరీ తగ్గిస్తే పాత కంప్యూటరు అందుకోలేక చిటపటలాడుతుంది. విండోస్ వాడేవారు ఆసియో డ్రైవరు వేసుకోవాలి. మామూలు ల్యాప్‌టాప్‌లకు ఆసియో ఫర్ ఆల్ అనేది ఉచితంగా దొరుకుతుంది. కొత్త కీబోర్డు కొనే ముందు ఈ ఒక్క అంకె మార్చి చూడమని మనవి.

చేత్తో ముట్టి చూసి కొనదలచినవారు రాయ్‌పూర్ వెళ్లి రావచ్చు. ముప్పై కిలోమీటర్ల దూరమే. వాయించేవారిని వెంట తీసుకుని వెళ్లండి. డబ్బు ఇచ్చేవారు ఒక్కరే వెళితే మేము చేసినట్లే చేసి వస్తారు.

ఆ ఇంటి సంగతి ముగించాలి. చిన్న కీబోర్డును నష్టానికే అమ్మారు. మిగిలిన సొమ్ముకు కొంత కలిపి, వాడిన 49 మీటలది ఒకటి దుర్గ్‌లో కొన్నారు. ఒక మీట కొంచెం గరగరమంటుంది, పని చేస్తుంది. మా సలహా వల్ల పోయిన ఆరు వారాలు మాత్రం తిరిగి రాలేదు. తండ్రీకొడుకులు కూర్చుని రాసుకున్న జాబితాలో నలభై పద్యాలున్నాయి. మేము ఈ వ్యాసం రాసేనాటికి పదకొండు పూర్తయ్యాయి. షిఫ్టు చూసుకుని రాత్రిళ్లు కూర్చుంటున్నారు.

మొన్న ఆ అబ్బాయి మరో చిక్కుతో వచ్చాడు. తండ్రి పాత హార్మోనియం ఒకటిన్నర శ్రుతి, కంప్యూటరు ఒకటిన్నర శ్రుతి కలవడం లేదు. పెట్టె శ్రుతి కాస్త పైన ఉంది. పెద్దాయన గొంతు పెట్టెకే అలవాటుపడింది, కంప్యూటరుతో పాడలేకపోతున్నారు. ఈసారి మేము సలహా ఇచ్చే ముందు వాళ్లింటికే వెళ్లాము. వాద్యం అమరికలో 'ఫైన్ ట్యూన్' అని ఉంటుంది. పక్కపక్క మీటల మధ్య దూరాన్ని అక్కడ 100 సెంట్లుగా లెక్కిస్తారు. పెట్టె మీద షడ్జం నొక్కి పట్టి, కంప్యూటరులోనూ అదే మీట పలికిస్తూ, అంకెను ఒక్కొక్కటిగా పెంచుతూ పోవాలి. శ్రుతి తేడా ఉన్నంతసేపు రెండు ధ్వనులు కలిసి అలలు అలలుగా వినిపిస్తాయి. దగ్గరవుతున్నకొద్దీ అలలు నెమ్మదిస్తాయి. పెద్దాయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. 18 దగ్గర చెయ్యి ఎత్తారు.

ఆ అంకెను కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించమని చెప్పి వచ్చాము. పెట్టె ఊరికి వెళ్లిపోయిన తరువాత కూడా అబ్బాయికి అది అవసరమవుతుంది.